పెద్ద యూనివర్సిటీయా, దగ్గరి కాలేజీయా? దాతలతో కలిసి ఒక పాఠం

ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచి మా సంఘానికి చదువు సాయం కోరుతూ అర్జీలు మొదలవుతాయి. ఇళ్ళు వేరు, మార్కులు వేరు, కానీ తల్లిదండ్రులు అడిగేది దాదాపు ఒకటే. "పెద్ద యూనివర్సిటీలో సీటిస్తామంటున్నారు, ఫీజు మోయలేం. దగ్గర్లో కాలేజీ ఉంది, ఖర్చు తక్కువ. కానీ దానికి విలువ ఉంటుందా?" దాతలు ఇదే మాటను ఇంకోవైపు నుంచి అడుగుతారు. "మేమిచ్చే డబ్బుతో ఒక్కరిని గొప్ప యూనివర్సిటీకి పంపడం మేలా, పదిమందిని మామూలు కాలేజీలో చదివించడం మేలా?"

ఫిల్మ్‌నగర్, షేక్‌పేట, యూసుఫ్‌గూడ, రహ్మత్‌నగర్, బోరబండ... జూబ్లీహిల్స్ పెద్ద బంగళాలకు కూతవేటు దూరంలోనే ఉన్న ఈ బస్తీల్లో ఈ ప్రశ్నకు తప్పు జవాబు దొరికితే నష్టం చిన్నది కాదు. ఒక కుటుంబం నాలుగేళ్ళ సంపాదన అప్పుల్లో పోతుంది. లేదా పిల్లవాడు రెండో ఏట చదువు మానేసి మళ్ళీ కూలికి వెళ్తాడు. మీరు నమ్మి ఇచ్చిన అమానత్ ఫలితం ఇవ్వకుండా ఖర్చయిపోతుంది. అందుకే ఈ ఏడాది సంచికలో ఈ విషయాన్ని ఒక పాఠంలా, లెక్కలతో సహా మీ ముందు పెడుతున్నాం.

మన పరిస్థితి ఏమిటో ముందు గుర్తు చేసుకుందాం. 2006లో జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ ఇచ్చిన నివేదిక 2001 జనాభా లెక్కల ఆధారంగా ఒక మాట చెప్పింది. దేశంలో 20 ఏళ్ళు దాటినవారిలో డిగ్రీ గానీ డిప్లొమా గానీ ఉన్నవారు సుమారు 7 శాతం. ముస్లింలలో ఆ సంఖ్య 4 శాతం కన్నా తక్కువ. ఆ తర్వాత పరిస్థితి మెరుగుపడుతూ వచ్చినా, 2020-21లో కేంద్ర విద్యాశాఖ సర్వే ప్రకారం ఉన్నత విద్యలో ముస్లిం విద్యార్థుల సంఖ్య అంతకు ముందు ఏడాది కన్నా సుమారు 8 శాతం తగ్గింది. అది కరోనా కాలం. ఇంట్లో సంపాదన ఆగగానే మొదట ఆగేది చదువే అని ఆ అంకె మనకు చెబుతోంది.

జూబ్లీహిల్స్‌లోనే ఉన్న విశ్వవిద్యాలయం

యూనివర్సిటీ అనగానే మన పిల్లల కళ్ళ ముందు పెద్ద క్యాంపస్, హాస్టల్, లక్షల ఫీజు కనబడతాయి. కానీ జూబ్లీహిల్స్ రోడ్డు నంబర్ 46లో, దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జికి వెళ్ళే దారికి దగ్గర్లో, ఇంకో రకం యూనివర్సిటీ ఉంది. 1982 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా అది మొదలైంది. దేశంలో ఓపెన్ యూనివర్సిటీ అన్న పేరుతో వచ్చిన మొట్టమొదటి సంస్థ అదే. ఢిల్లీలో ఇగ్నో వచ్చింది 1985లో. ఇక్కడ మొదటి వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన ప్రొఫెసర్ జి. రామిరెడ్డినే అక్కడా మొదటి వైస్ ఛాన్సలర్‌గా తీసుకున్నారు. 1991లో మన విశ్వవిద్యాలయానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు.

అది పుట్టిన కారణమే మన ప్రశ్నకు దగ్గరగా ఉంటుంది. పగలు పని మానుకోలేనివారు, పెళ్ళయి ఇంటి బాధ్యతల్లో పడిన ఆడవాళ్ళు, ఊళ్ళో కాలేజీ లేనివారు కూడా డిగ్రీ చదవాలంటే ఎలా? పాఠాలు పుస్తకాల రూపంలో ఇంటికి పంపి, సెలవు రోజుల్లో దగ్గరి స్టడీ సెంటర్‌లో తరగతులు పెట్టి, పరీక్షలు రాయించి పట్టా ఇవ్వడం దానికి జవాబు అయింది. ఇంగ్లండులో 1969లో మొదలైన ఓపెన్ యూనివర్సిటీ చూపిన దారి ఇదే. తెలుగు, ఇంగ్లీషుతో పాటు ఉర్దూ మాధ్యమంలో కూడా ఇక్కడ చదివే వీలుండటం మనవాళ్ళకు ఇంకో సౌకర్యం.

"దూరవిద్య పట్టాకు విలువ ఉంటుందా?" అన్న అనుమానం మనవాళ్ళలో ఇప్పటికీ గట్టిగా ఉంది. యూజీసీ 2022 సెప్టెంబరులో దీనికి స్పష్టంగా జవాబిచ్చింది. గుర్తింపు ఉన్న సంస్థ నుంచి దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ పొందిన డిగ్రీ, పీజీ పట్టాలు రోజూ కాలేజీకి వెళ్ళి పొందిన పట్టాలతో సమానమని ప్రకటించింది. డిగ్రీ అర్హత అడిగే ప్రభుత్వ ఉద్యోగ పరీక్షలకు ఆ పట్టాతో దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే ఒక జాగ్రత్త తప్పనిసరి. ఇంజనీరింగ్, వైద్యం, నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ, న్యాయశాస్త్రం వంటి కోర్సులను దూరవిద్యలో నడపడానికి యూజీసీ అనుమతి లేదు. ఎవరైనా "ఇంటి దగ్గరే కూర్చుని బీటెక్ చేయొచ్చు" అని డబ్బు అడిగితే ఆ గుమ్మం ఎక్కకపోవడమే మంచిది.

పట్టా మీద ఎవరి పేరు ఉంటుంది?

చాలామంది తల్లిదండ్రులకు తెలియని విషయం ఒకటుంది. బేగంపేటలోని మహిళా డిగ్రీ కాలేజీ, ఖైరతాబాద్ డిగ్రీ కాలేజీ వంటి ప్రభుత్వ కాలేజీలు ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉంటాయి. వాటిలో చదివినవారికి పట్టా ఇచ్చేది ఉస్మానియానే. 1918లో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, ఉర్దూను బోధనా భాషగా చేసుకుని ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయం పేరు మన బస్తీ పిల్ల పట్టా మీద కూడా ఉంటుంది. కాబట్టి "యూనివర్సిటీ లేదా లోకల్ కాలేజీ" అని రెండు ముక్కలుగా విడదీయడం మన దగ్గర సగమే నిజం. డిగ్రీ కాలేజీల్లో సీట్లు 2016 నుంచి దోస్త్ అనే ఆన్‌లైన్ విధానంలో ఇస్తున్నారు. ఇంట్లో కూర్చుని, లేదా మీసేవలో, కాలేజీల పేర్లు వరుసగా ఎంచుకోవచ్చు.

చికాగోలో ఉన్న మన హైదరాబాదీ దాతలు కొందరు "ఇక్కడిలాగే రెండేళ్ళు కమ్యూనిటీ కాలేజీలో చదివించి తర్వాత యూనివర్సిటీకి మార్చండి" అని సలహా ఇస్తుంటారు. మంచి సలహానే. అమెరికాలో ఆ పద్ధతికి నూరేళ్ళు దాటిన చరిత్ర ఉంది. చికాగో పక్కనున్న జోలియట్‌లో 1901లోనే ప్రభుత్వ రెండేళ్ళ కాలేజీ మొదలైంది. కానీ అక్కడి మాట ఇక్కడ యథాతథంగా చెల్లదు. డిగ్రీ మధ్యలో చిన్న కాలేజీ నుంచి పెద్ద యూనివర్సిటీకి మారడం మన దగ్గర అంత తేలిక కాదు. 2020 జాతీయ విద్యావిధానం తర్వాత క్రెడిట్లను ఒకచోట దాచి మరోచోట వాడుకునే ఏర్పాటు మొదలైంది గానీ, ఒక బస్తీ కుటుంబం దాని మీద నమ్మకం పెట్టుకుని లెక్క వేసుకునే రోజు ఇంకా రాలేదు.

మన దగ్గర మారే గుమ్మాలు వేరే చోట ఉన్నాయి. ఒకటి డిగ్రీ అయ్యాక ఎదురవుతుంది. ఏ కాలేజీలో డిగ్రీ చేసినా సరే, రాష్ట్ర ఉమ్మడి పీజీ ప్రవేశ పరీక్ష రాసి ఉస్మానియా క్యాంపస్‌లో ఎంఏ, ఎంఎస్సీ, ఎంకామ్ చేరవచ్చు. గచ్చిబౌలిలో 1974లో ఏర్పడిన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం కూడా మనకు దగ్గరే. రెండూ కేంద్ర సంస్థలు, ఫీజులు ప్రైవేటుతో పోల్చలేనంత తక్కువ. ఉర్దూ విశ్వవిద్యాలయంలో చేరాలంటే ఉర్దూ చదివి ఉండాలి. మన బస్తీల్లో ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ బడిలో ఉర్దూ అక్షరం నేర్వని పిల్లలు ఎందరో. పదో తరగతిలో ఉండగానే ఈ సంగతి వాళ్ళకు చెప్పగలిగితే ఒక తలుపు మూసుకుపోకుండా ఉంటుంది.

ఆరేళ్ళ లెక్క

ఇంకో గుమ్మం పదో తరగతి అయిన వెంటనే ఉంటుంది. ఇంజనీరు కావాలనుకునే పిల్లలకు అందరూ చెప్పే దారి ఇంటర్ 2 ఏళ్ళు, బీటెక్ 4 ఏళ్ళు. మొత్తం 6 ఏళ్ళు. రెండో దారి ఇది. పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరితే డిప్లొమా 3 ఏళ్ళు. తర్వాత ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరితే ఇంకో 3 ఏళ్ళు. మొత్తం 6 ఏళ్ళే.

కాలం ఒకటే, చివర వచ్చే పట్టా ఒకటే. తేడా మధ్యలో ఉంది. మొదటి దారిలో నాలుగో ఏట తండ్రికి జబ్బు చేసి చదువు ఆగితే చేతిలో ఇంటర్ మార్కుల మెమో ఒక్కటే ఉంటుంది. రెండో దారిలో ఆగితే చేతిలో డిప్లొమా ఉంటుంది, దానితో ఉద్యోగం దొరుకుతుంది. మళ్ళీ వీలు చూసుకుని చదువుకోవచ్చు. మసాబ్ ట్యాంక్‌లో ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. గచ్చిబౌలి ఉర్దూ విశ్వవిద్యాలయానికి కూడా సొంత పాలిటెక్నిక్ ఉంది. ఈ రెండో దారి గురించి పదో తరగతి పిల్లల తల్లిదండ్రులకు చెప్పడానికి పైసా ఖర్చు లేదు. చెప్పే మనిషి కావాలి, అంతే.

కనిపించే ఫీజు, కనిపించని ఖర్చు

2008లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ వల్ల ఎందరో పేద పిల్లలు కాలేజీ గడప తొక్కారు. మైనారిటీ విద్యార్థులకు కుటుంబ వార్షిక ఆదాయం పట్టణాల్లో 2 లక్షలు, గ్రామాల్లో లక్షన్నర రూపాయలు దాటకూడదు. హాజరు 75 శాతం ఉండాలి. ఇవి అందరికీ తెలిసినవే. తెలియక నష్టపోయేది మిగతా షరతుల దగ్గర.

మొదటి షరతు సీటు రకం. కౌన్సెలింగ్ ద్వారా కన్వీనర్ కోటాలో వచ్చిన సీటుకే రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుంది. మేనేజ్‌మెంట్ కోటాకు, స్పాట్ అడ్మిషన్‌కు వర్తించదు. కౌన్సెలింగ్ ఆలస్యమవుతోందని భయపడి, మధ్యవర్తి మాట నమ్మి ముందే డబ్బు కట్టి సీటు తీసుకున్న కుటుంబం నాలుగేళ్ళ సాయాన్ని ఒక్క సంతకంతో పోగొట్టుకుంటుంది. ప్రైవేటు యూనివర్సిటీల విషయంలోనూ ఇంతే. "స్కాలర్‌షిప్ వస్తుంది" అని నోటిమాటగా చెబితే చాలదు. ఎంత, ఎన్నేళ్ళు, ఏ మార్కుల షరతు మీద అన్నది కాగితం మీద రాయించుకోవాలి.

రెండోది మొత్తం. ఇంజనీరింగ్‌లో ప్రవేశ పరీక్ష ర్యాంకు 10 వేల లోపు ఉంటే పూర్తి ఫీజు, దాటితే 35 వేల రూపాయలు. కాలేజీ ఫీజు ఏడాదికి లక్ష అనుకుందాం. మిగిలిన 65 వేలు కుటుంబం కట్టాలి. నాలుగేళ్ళకు 2 లక్షల 60 వేలు. "గవర్నమెంటు కడుతుందిలే" అనుకుని చేర్పించిన తండ్రికి ఈ లెక్క మొదటి ఏడాది చివర్లో తెలుస్తుంది.

మూడోది బకాయి. ప్రభుత్వం నుంచి రావలసిన డబ్బు నెలలు, ఒక్కోసారి ఏళ్ళ తరబడి ఆగిపోవడం, కాలేజీలు బంద్ పాటించడం పత్రికల్లో తరచూ చూస్తున్నాం. ఆ బకాయి చివరికి విద్యార్థి మెడకే చుట్టుకుంటుంది. టీసీ, మెమోలు చేతికి రావు. పీజీలో సీటు వచ్చినా, ఉద్యోగం వచ్చినా సర్టిఫికెట్లు చూపలేక వదులుకోవలసి వస్తుంది. చదువు పూర్తయి కూడా పట్టా చేతికందని ఇలాంటి పిల్లలను ఆదుకోవడం, మా దృష్టిలో, ఇచ్చిన ప్రతి రూపాయికీ ఎక్కువ ఫలితం దక్కే సాయం.

నాలుగోది ఏ రసీదులోనూ కనిపించనిది. నెలకు 12 వేలు సంపాదించగల 18 ఏళ్ళ కుర్రాడు మూడేళ్ళు కాలేజీకి వెళ్తే ఇంటికి రాకుండా పోయే డబ్బు 4 లక్షల 32 వేలు. ఫీజు సున్నా అయినా సరే, ఆ ఇంటికి ఆ చదువు ఖరీదు అంత. పరీక్ష ఫీజు, రికార్డులు, బస్సు, ఫోను రీఛార్జి దీనికి అదనం. చాలా చదువులు ఆగిపోయేది పెద్ద ఫీజు దగ్గర కాదు, ఈ చిల్లర ఖర్చుల దగ్గరే.

షూటింగ్ పిలిచినప్పుడు

మన ప్రాంతంలో ఆ 12 వేల ఆకర్షణకు ఒక ప్రత్యేకత ఉంది. తెలుగు సినిమా మద్రాసు నుంచి హైదరాబాద్‌కు వచ్చి స్థిరపడ్డాక జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్, కృష్ణానగర్ దానికి ఇల్లయ్యాయి. సెట్ వేసే వడ్రంగులు, లైట్‌మన్లు, కాస్ట్యూమ్ వాళ్ళు, డ్రైవర్లు, ప్రొడక్షన్ బాయ్‌లు, జూనియర్ ఆర్టిస్టులు ఈ బస్తీల్లోనే ఉంటారు. ఇంటర్ రాసిన కుర్రాడిని మామయ్యో పక్కింటి భాయ్‌జానో ఒకరోజు షూటింగ్‌కు తీసుకెళ్తాడు. సాయంత్రానికి చేతిలో డబ్బు పడుతుంది. "డిగ్రీ చేసి ఏం చేస్తావ్? యూనియన్ కార్డు తీసుకో" అని నలుగురూ చెబుతారు.

ఆ పని గౌరవమైనదే. ఎన్నో కుటుంబాలు దాని మీద బతికాయి. కానీ అది పిలుపు ఉన్న రోజున మాత్రమే అన్నం పెట్టే పని. 2020లో లాక్‌డౌన్‌తో షూటింగులు నెలల తరబడి ఆగిపోయాయి. 2025 ఆగస్టులో వేతనాల పెంపు కోసం కార్మికులు సమ్మె చేసినప్పుడు రెండు వారాలకు పైగా పని నిలిచింది. అలాంటి రోజుల్లో చేతిలో ఇంకో అర్హత ఉన్నవాడు వేరే పని వెతుక్కోగలడు.

ఇలాంటి కుర్రాడికి "పని మానెయ్, కాలేజీకి వెళ్ళు" అని చెప్పడం తేలిక, అమలు చేయడం కష్టం. ఇంట్లో అతని సంపాదన తప్పనిసరి అయితే రోడ్డు నంబర్ 46లో ఉన్న సార్వత్రిక విశ్వవిద్యాలయమే అతని యూనివర్సిటీ. అయితే అక్కడ చేరడం సులువు, పూర్తి చేయడం కష్టం. హాజరు అడిగేవారు ఉండరు. ఆదివారం తరగతి రోజునే షూటింగ్ పడుతుంది. పరీక్ష ఫీజు గడువు తెలియకుండానే దాటిపోతుంది. అతనికి మనం ఇవ్వవలసింది ఫీజు కన్నా వెంటపడే మనిషి. గడువులు గుర్తు చేసి, పరీక్షల వారంలో పోయే కూలిని భర్తీ చేసి, ఏడాదికోసారి మార్కులు అడిగే అన్నయ్య లాంటివాడు ఒకడు చాలు.

సినిమా కళనే చదవాలనుకునే పిల్లలూ ఉన్నారు. ఇక్కడే స్టూడియోలకు అనుబంధంగా ప్రైవేటు ఫిల్మ్ స్కూళ్ళు ఉన్నాయి. కానీ వాటి ఫీజులు బస్తీ ఇళ్ళకు అందవు. మసాబ్ ట్యాంక్‌లో 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ప్రభుత్వ సంస్థ. ఫొటోగ్రఫీ, యానిమేషన్, చిత్రలేఖనం లాంటి కోర్సులు అక్కడ ఉన్నాయి. అప్పు చేసే ముందు ఆ తలుపు తట్టి చూడమని చెప్పాలి.

పెద్ద యూనివర్సిటీయే సరైన దారి ఎప్పుడు?

తక్కువ ఖర్చే ఎప్పుడూ మంచిదని మేము అనడం లేదు. సచార్ నివేదికలోనే ఇంకో మాట ఉంది. దేశంలోని పేరున్న కాలేజీల్లో డిగ్రీ స్థాయిలో 25 మందికి ఒకరు, పీజీలో 50 మందికి ఒకరు మాత్రమే ముస్లిం విద్యార్థులు అని. "మనకు దగ్గరి కాలేజీ చాలు" అని అందరం అనుకుంటే ఆ ఒకరు కూడా మిగలరు.

ఐఐటీ, ఎన్ఐటీ లేదా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సీటు వచ్చిన పిల్లను ఖర్చు చూసి ఆపడం పెద్ద తప్పు. నిజానికి అక్కడి ఖర్చు మనం భయపడినంత ఉండదు. ఐఐటీ, ఎన్ఐటీల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి లక్ష లోపు ఉంటే ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ. లక్ష నుంచి 5 లక్షల లోపు ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ. మిగిలేవి హాస్టల్, మెస్, లాప్‌టాప్, రైలు ఛార్జీలు. దాత చేయి పడవలసింది అక్కడ. ప్రభుత్వ వైద్య కళాశాలలో సీటు వచ్చినా అంతే.

పోటీలో గెలిచి తెచ్చుకున్న సీటుకు, డబ్బు కట్టి కొనుక్కునే సీటుకు తేడా ఉంది. మొదటిదానికి ఎంత దూరమైనా పంపాలి. రెండోదాని విషయంలో రెండుసార్లు ఆలోచించాలి. రంగురంగుల బ్రోచర్ చూసి ఇచ్చే సాయం చివరికి ఆ భవనానికి చేరుతుంది గానీ పిల్లకు చేరదు.

ఆడపిల్లల దగ్గర ప్రశ్న మారుతుంది

కొడుకు విషయంలో "ఎంత?" అని అడిగే ఇల్లు, కూతురి విషయంలో "ఎంత దూరం?" అని అడుగుతుంది. దగ్గరి కాలేజీ అన్నది అక్కడ ఖర్చు తగ్గించే మార్గం మాత్రమే కాదు, చాలాసార్లు చదువుకూ చదువు లేకపోవడానికీ మధ్య ఉన్న ఒకే ఒక్క దారి. 2016లో మొదలైన మైనారిటీ గురుకులాల్లో చదివి వచ్చిన అమ్మాయిలు ఇంటర్ తర్వాత ఇంటికి వచ్చి ఆగిపోవడం అన్నిటికన్నా బాధ కలిగిస్తుంది. అంతవరకు ప్రభుత్వం చదివించింది, ఆ తర్వాత చేయి పట్టుకునేవారు కావాలి.

ఇక్కడ కొన్ని అనుకూలాలు వచ్చాయి. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్ళకు ఆర్టీసీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. 2019లో అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ వైపు మెట్రో మొదలయ్యాక యూసుఫ్‌గూడ, చెక్‌పోస్టు వాళ్ళకు బేగంపేట దగ్గరైంది. తల్లిదండ్రులతో ఒకసారి కాలేజీ దాకా వెళ్ళి చూపించి వస్తే సగం భయం పోతుంది. మన సోదరీమణుల్లో చదువుకున్నవారు ఈ పనికి ముందుకు రావాలి. ఒక మగవాడు వెళ్ళి చెప్పే పది మాటల కన్నా ఒక ఆపా వచ్చి అమ్మీ పక్కన కూర్చుని చెప్పే ఒక మాటకు విలువ ఎక్కువ.

పన్నెండు లక్షల లెక్క

మొదటి ప్రశ్నకు వద్దాం. ఏడాదికి 3 లక్షల ఫీజున్న ప్రైవేటు యూనివర్సిటీలో ఒకరిని నాలుగేళ్ళు చదివిస్తే 12 లక్షలు. అదే 12 లక్షలతో ఏడాదికి 20 వేల చొప్పున మూడేళ్ళ పాటు 20 మందికి కనిపించని ఖర్చులు భరించవచ్చు. లెక్క చూడగానే రెండోదే మేలనిపిస్తుంది. కానీ ఆ 20 మందికీ మొదటి ఏడాది మాత్రమే ఇచ్చి ఊరుకుంటే, రెండో ఏట సగం మంది మానేస్తే, అది పుణ్యం లెక్కలోకి వస్తుందేమో గానీ చదువు లెక్కలోకి రాదు. చేర్పించే రోజున ఫొటో తీసుకునే సాయం కన్నా చివరి పరీక్ష దాకా నిలిచే సాయం గొప్పది. పదిమందికి ఒక్క ఏడాది ఇచ్చే బదులు ముగ్గురికి మూడేళ్ళు మాట ఇవ్వండి.

డబ్బు ఏ పద్దు నుంచి ఇవ్వాలన్నదీ ముఖ్యమే. జకాత్ ఎవరికి చెందాలో దివ్యఖుర్ఆన్ ఎనిమిది వర్గాలుగా నిర్ణయించింది. కాబట్టి కుటుంబం అర్హత చూసి, ఉలమా సలహా తీసుకుని మాత్రమే ఆ పద్దు వాడాలి. సదఖాకు ఆ పరిమితి లేదు. ఖర్చు ఎక్కువైన కోర్సులకు మేము ఖర్జె హసనాను మంచి మార్గంగా భావిస్తాం. వడ్డీ అప్పుకు మనసొప్పక చదువే మానుకునే ఇళ్ళు మనలో ఉన్నాయి. వడ్డీ లేని అప్పు ఇచ్చి, ఉద్యోగం వచ్చాక చిన్న వాయిదాల్లో తీసుకుంటే ఆ డబ్బు ఇంకో పిల్లవాడికి అందుతుంది. తీసుకున్నవాడు తలెత్తుకుని తిరిగి ఇస్తాడు, తర్వాత తానే దాత అవుతాడు.

ఇచ్చే ముందు అడగండి

మీ ఇంట్లో పనిచేసే ఆమె కూతురికైనా, మీ బంధువుల పిల్లలకైనా, మా సంఘం ద్వారా అయినా, చదువుకు సాయం చేసే ముందు ఈ ఐదు మాటలు అడగమని కోరుతున్నాం.

1. సీటు ఎలా వచ్చింది? కౌన్సెలింగ్‌లోనా, మేనేజ్‌మెంట్ కోటాలోనా?

2. పట్టా ఇచ్చే విశ్వవిద్యాలయం ఏది? ఆ కోర్సుకు యూజీసీ లేదా సంబంధిత మండలి గుర్తింపు ఉందా?

3. మొదటి ఏడాది ఫీజు కాదు, చివరి ఏడాది దాకా మొత్తం ఖర్చు ఎంత? ప్రభుత్వం ఇచ్చేది పోగా మిగిలేది ఎంత? అది రావడం ఆలస్యమైతే ఎవరు కడతారు?

4. ఆ మూడు నాలుగేళ్ళు ఇల్లు ఎవరి సంపాదన మీద నడుస్తుంది?

5. మధ్యలో ఆగితే చేతిలో ఏం మిగులుతుంది? పూర్తయితే తర్వాత తెరుచుకునే తలుపు ఏది?

ఈ ఐదింటికీ జవాబు దొరికితే, పెద్ద యూనివర్సిటీయా దగ్గరి కాలేజీయా అన్నది దానంతట అదే తేలిపోతుంది. ఒకరికి గచ్చిబౌలి, ఒకరికి బేగంపేట, ఒకరికి మసాబ్ ట్యాంక్ పాలిటెక్నిక్, ఒకరికి పని చేసుకుంటూ రోడ్డు నంబర్ 46. ఎవరి దారి వారిది. ఆ దారి చివరిదాకా నడిచేలా చూడటం మన అందరి బాధ్యత.

ఈ రంజాన్‌లో మీరు జకాత్, సదఖా లెక్కలు వేసుకునేటప్పుడు ఒక్క పిల్లనో పిల్లవాడినో ఎంచుకుని, వారి కోర్సు ముగిసే సంవత్సరాన్ని మీ డైరీలో రాసుకోండి. ఆ సంవత్సరం వచ్చేదాకా వారి చేయి వదలకండి. అల్లాహ్ మీ సంపాదనలో బర్కత్ ప్రసాదించుగాక, మన పిల్లలకు మేలైన జ్ఞానాన్ని ఇచ్చుగాక. ఆమీన్.